పది నోము అరిసెలు

మా కోడలు పొద్దున్నే రెండు అట్టపెట్టెలు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. మిఠాయి దుకాణం నుంచి తెప్పించిన అరిసెలు. ఒక పెట్టె మీద పెన్నుతో ‘నోముకు’ అని రాసింది, ఇంకోదాని మీద ‘పంచడానికి’ అని. "అత్తయ్యా, ఈ రెండూ కలిసిపోకుండా చూడండి చాలు, ఇంకే పనీ పెట్టను మీకు" అని చెప్పి, ఫోను చెవికి ఆనించుకుని వెళ్లిపోయింది. ఇల్లంతా గోల. ఒకడు దీపాల తీగ చిక్కు తీస్తూ తిట్టుకుంటున్నాడు, ఒకతె జాకెట్టు కుట్టి ఇవ్వలేదని ఏడుస్తోంది. నోము అరిసెలు దుకాణంలో కొనే రోజులొచ్చాయి.  ఏమన్నా అనడానికి కూడా ఓపిక కావాలి కదా.

కలిసిపోకుండా చూడమని నాకే చెప్పింది, పిచ్చిపిల్ల. పదేళ్ల వయసులో ఆ రెండూ కలిపి ఇల్లు కల్లోలం చేసింది నేనే. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అప్పుడు మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం. నాయినకు చిన్న గింజల దుకాణం. దీపావళి నాడు మా ఇంట్లో నోము. ఇరవై ఒక్క పోగుల తోరం, ఇరవై ఒక్క అరిసెలు, పొద్దు గూకేదాకా అమ్మానాయినలకు పచ్చి మంచినీళ్లు కూడా లేని ఉపవాసం. ఆ అరిసెలు నెయ్యిలో కాల్చేవాళ్లు. ఒక్కటి కూడా గడప దాటకూడదు. మా ఇంటివాళ్లు తప్ప ఎవరూ తినకూడదు. పెళ్లై పోయిన ఆడపిల్ల అడిగినా పెట్టరు, వేరే ఇంటిది అయిపోయింది కాబట్టి. పంచడానికి వేరే అరిసెలు, పల్లినూనెలో. ఈ లెక్కలన్నీ మా నాయనమ్మ చేతిలో ఉండేవి. ఆమె తెల్లచీర కొంగు బొడ్డులో దోపి నిలబడితే నాయిన కూడా గొంతు తగ్గించేవాడు.

మా పెరటి గోడకు అవతల బండి మామ ఇల్లు. మా కులం కాదు, చుట్టమూ కాదు. రెండెడ్ల బండి కిరాయికి తోలేవాడు. నాయిన దుకాణానికి వచ్చే బస్తాలన్నీ ఆయన బండి మీదే వచ్చేవి. ఆయన భార్యను నేను అత్తా అని పిలిచేదాన్ని. అమ్మకూ ఆమెకూ గోడ మీద నుంచే సంసారమంతా నడిచేది. ఇటు నుంచి చింతపండు పోయేది, అటు నుంచి కరివేపాకు వచ్చేది. అరిసెల పిండి దంచేటప్పుడు మూడు రోకళ్లు ఒక వరసలో పడేవి. నాయనమ్మది, అమ్మది, అత్తది. దంచడం వరకే ఆమె పని. మడి మొదలైతే వెళ్లిపోవాలి.

ఆ తర్వాత ఊళ్లు దోచి తగలబెట్టే గడబిడ రోజులు వచ్చాయి. పెద్దవాళ్లు గొంతు దించి మాట్లాడుకునేవాళ్లు. ఊళ్ల నుంచి వచ్చిన మనుషులు దుకాణం అరుగు మీద పడుకునేవాళ్లు. ఒక దీపావళికి దారులు బందై నాయిన మిర్యాలగూడలోనే చిక్కుకుపోయాడు. దంపతులు పక్కపక్కన కూచోనిదే నోము లేదు, కాబట్టి ఆ ఏడు నోము తప్పింది. వరసగా రెండేళ్లు తప్పితే ఇంక నోము ఇల్లు విడిచినట్టే అని నాయనమ్మ భయం. మాఘమాసంలో ఒకనాడు నాయిన ఇంటికి వచ్చి, "ఇగ ఈడ ఉండొద్దు" అన్నాడు. బండి మామ మమ్మల్ని గడ్డి మధ్యన కూచోబెట్టి, కోదాడ దాటించి, అమ్మ మేనమామల ఇంట్లో దింపాడు.

దిగినాక నాయనమ్మ గుండె బాదుకుంది. తోరాల పెట్టె ఇంట్లోనే మరిచిపోయింది. తరతరాల తోరాలు దాచిన చిన్న చెక్కపెట్టె. పాత తోరం పక్కన పెట్టనిదే కొత్తది పేనడానికి లేదు.

"నేను తెస్త తియ్ అమ్మా. జర ఎడ్లను ఒక్క దినం ఆగనియ్యి, అలిసినయి" అన్నాడు బండి మామ.

"ఇయ్యాలనే పో కొడుకా. ఇల్లు ఎవలన్న దోసుకుంటే పెట్టె దొర్కదు" అంది నాయనమ్మ.

ఆయన వెళ్లాడు. సూర్యాపేట చేరి, పెట్టె తీసుకుని, ఇంట్లో ఇంత తిని మళ్లీ బయలుదేరాడు. మోతె దారి దాటినాక ఏమైందో ఎవరికీ తెలియదు. ఎడ్లు వెనక్కి తిరిగి, ఖాళీ బండి ఈడ్చుకుంటూ తెల్లారేసరికి ఇంటికి వచ్చి నిలబడ్డాయి. రెండు రోజులకు చేలో ఆయన శవం దొరికింది. ఎవరు కొట్టారో ఇప్పటికీ తెలియదు.

మిల్ట్రీ వచ్చి అంతా సద్దుమణిగాక మేము తిరిగి వచ్చాం. దీపావళి ఇంకా నెలన్నర ఉంది. తలుపులు లేవు, పొయ్యి గడ్డలు కూడా ఎవరో ఎత్తుకుపోయారు. అర్రలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. కానీ తోరాల పెట్టె మాత్రం పెరటి గోడ మీద, తుడిచి, పాత గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. బండిలో గడ్డి కింద దొరికినదాన్ని అత్త ఎనిమిది నెలలు దాచింది. మేము దిగడం చూసి గోడ మీద పెట్టి, మొహం చూపించకుండా లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ ఆ పెట్టెను చూసి అక్కడే కూలబడింది. ఆ రోజు నుంచి ఆమె పెరటి వైపు పోవడం మానేసింది. నీళ్లకు కూడా అటు పోకుండా చుట్టు తిరిగి బజారు బావికి పోయేది. నాయనమ్మ ఒకసారి పోయి, గడపలో నిలబడి నాలుగు మాటలు చెప్పి వచ్చింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. పెద్దవాళ్లు తప్పు చేసినప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. పైకి మాత్రం పని, పని, పని. సున్నం కొట్టడం, పేడతో అలకడం, గోడల పగుళ్లు పూడ్చడం. నాకు చేతులు పగిలి నెత్తురు వచ్చేది. ఎవరూ చూసేవాళ్లు కాదు.

కొత్త బియ్యం మిర్యాలగూడ నుంచి నాయనమ్మ తమ్ముడు పంపాడు. బెల్లం ఎక్కడా దొరకలేదు. ఆఖరికి కోదాడ వైపు నుంచి ఒకే ఒక్క దిమ్మ వచ్చింది. దాంతోనే నోము, దాంతోనే పంచడం. పండుగ ముందు రోజు తడిబియ్యం గుడ్డ మీద ఆరబోసి దంచడానికి దిగారు. రెండే రోకళ్లు. మూడో పోటు పడాల్సిన చోట ఇద్దరి చేతులూ తెలియకుండానే ఆగేవి. 

పండుగ పొద్దున నోము అరిసెలు బాగా వచ్చాయి. మోదుగాకు మీద ఒత్తి, నెయ్యిలో వేస్తే ఒక్కటీ చెదరలేదు. నువ్వులు చిటపటమనే చప్పుడు, బెల్లం కాలే వాసన. పది రోజులుగా సున్నం వాసనతో మూసుకుపోయిన ముక్కులు తెరుచుకున్నాయి. నాయనమ్మ ఇరవై ఒకటి లెక్కపెట్టి వెడల్పాటి గిన్నెలో పేర్చి, దేవునర్రలో పెట్టింది.

పంచే అరిసెల దగ్గరికి వచ్చేసరికి అమ్మకు శక్తి అయిపోయింది. ముందు రాత్రి నుంచి ఉపవాసం, పొయ్యి సెగ, పొగ. పాకం చూస్తూ చూస్తూ పెరటి గోడ వైపు చూసింది, అంతే, పాకం తప్పింది. నూనెలో వేసిన అరిసె వేసినట్టే విచ్చుకుపోయింది. ఒకటి, రెండు, మూడు. అన్నీ తునకలే. బెల్లం ఇంక లేదు.

అమ్మ జల్లిగంటె కింద పడేసి ఏడ్చింది. "వాళ్లింట్లో ఈ ఏడాదంతా మూకుడు పెట్టరు కదా అత్తమ్మా. పండక్కి మనమే కదా ఇవ్వాల్సింది. ఈ ముక్కలు ఏ మొహం పెట్టుకుని పంపను?"

మనిషి పోయిన ఇంట్లో ఏడాది వెళ్లేదాకా పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. ఆ ఇంటి పిల్లల నోరు తీపి చేయడం ఇరుగుపొరుగు పని.

"ఇరిగితేంది, తీపి పోతదా? పిల్లతోని పంపు" అంది నాయనమ్మ. ఆమె గొంతు కూడా అలిసిపోయి ఉంది. అమ్మ కొంగు మొహం మీద కప్పుకుని గోడకు ఆనుకుంది.

నాకు ఇత్తడి పళ్లెం ఇచ్చి పెట్టుకుపొమ్మన్నారు. నేను ఆ తునకల గంప ముందు కూచున్నాను. పట్టుకుంటే పొడి అవుతున్నాయి. చిన్నతనంలో నేను తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం. దేవుడు ఎట్లాగూ తినడు. నోము అయ్యాక తినేది మేమే. మేము ముక్కలు తింటే ఏమవుతుంది? కడుపులోకి పోయాక అన్నీ ముక్కలే. ఇంత ఆలోచించి, దేవునర్రలోకి దూరి, గిన్నెలోంచి పది నోము అరిసెలు తీసి పళ్లెంలో పేర్చి, వాటి చోట పది విరిగినవాటిని తునకలు దగ్గరికి చేర్చి పెట్టాను. గిన్నె మీద ఆకు, పళ్లెం మీద గుడ్డ కప్పి, వీధి వాకిలి గుండా బయటపడ్డాను. ముట్టుకుంటే మడి పోతుందని గుర్తు రాలేదు. వచ్చినా ఆగేదాన్ని కాదేమో.

అత్త జొన్నరొట్టె చేస్తోంది. ఆమె బిడ్డ, ఐదేళ్ల పిల్ల, కొట్టంలో ఎడ్ల ముందు కూచుని వాటితో ఏదో మాట్లాడుతోంది. ఎడ్లు చిక్కిపోయాయి. అత్త కూడా అంతే. నన్ను చూసి లేచి, పిండిచేతులు తుడుచుకుంది.

"ఏందే బిడ్డా, ఇన్నొద్దులకు దారి దొర్కిందా?"

పళ్లెం ఇచ్చాను. గుడ్డ తీసి చూసింది. వంగి వాసన చూసింది. నేను చూపు పొయ్యి వైపు తిప్పాను.

"నెయ్యి వాసనొస్తున్నయి. పన్నెండేండ్లు దంచిన మీ నోము పిండి. ఒక్కనాడన్న నోట్ల ఏసుకున్న పాపాన పోలె. ఇయ్యి పంచేటియే గద?"

"పంచేటియే అత్తా" అన్నాను. ఎంత హాయిగా అబద్ధమాడానో!

పిల్ల వచ్చి ఒక అరిసె రెండు చేతులతో పట్టుకుంది. దాని మొహం కంటే అరిసే పెద్దది. కొరికి, నమలడం మరిచిపోయి నన్నే చూసింది. మళ్లీ కొరికింది. నువ్వులు పెదాలకూ గదవకూ అంటుకున్నాయి. అత్త ఒక అంచు తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు అట్లాగే కళ్లు మూసుకుంది. "మీ అమ్మ చెయ్యే చెయ్యి" అంది. తర్వాత పిల్లకు రెండోది ఇచ్చింది.

నాకు ఒళ్లంతా తేలికైపోయింది. ఆ నెలన్నరలో మొదటిసారి ఒక మనిషి మొహం విచ్చుకోవడం చూశాను, అదీ నా చేతి వల్ల. ఇంటికి గంతులు వేసుకుంటూ వచ్చాను. ఆ సంతోషం చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు చాలవు. దొంగతనం చేసి ఇచ్చిన దానానికి పుణ్యం వస్తుందో రాదో గాని, సంతోషం మాత్రం దండిగా వస్తుంది.

ఆ సంతోషం మూడు గంటలు ఉంది. పొద్దు వాలుతుండగా నాయిన స్నానం చేసి వచ్చాడు. అమ్మ తడిచీరతో పీట మీద కూచుంది. నాయనమ్మ గిన్నె మీది ఆకు తీసింది.

"ఇదేంది? ఇరగనియి పదకొండే ఉన్నయి! ఎవలు ముట్టిన్రు?"

 నేను ఏడుపు మొదలుపెట్టాను, దాంతో అడగాల్సిన పని లేకపోయింది. అంతా చెప్పేశాను.

"నోము పాయె" అంది నాయనమ్మ. "రెండేండ్లాయె. ఇగ ఇల్లిడిసినట్టే. కన్నకడుపు మండ, ఎంత పని సేసినవే!" చెయ్యెత్తింది.

అమ్మ లేచి నాకు అడ్డం వచ్చింది. అత్తగారి ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి. ఉపవాసంతో నిలబడలేక దర్వాజా పట్టుకుంది.

"దాన్ని కొట్టకండి. ఆ తోరాల పెట్టె కోసమే కదా ఆయన వెళ్లింది. ఆ ఇంటి మగమనిషినే ఈ నోముకు ఇచ్చుకుంది ఆమె. పది అరిసెలు తిరిగి పోతే మనకు బరువైందా అత్తమ్మా?"

నాయిన తల దించుకున్నాడు. నాయనమ్మ ఎత్తిన చెయ్యి అట్లాగే కొంచెంసేపు ఉండి, కిందికి దిగింది. గడప మీద కూచుంది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి నడుం వంగిపోయి కనిపించింది. చాలాసేపటికి లేచి, మడిచీరతోనే వీధిలోకి నడిచింది. మడి కట్టుకుని ఆమె వీధి దాటడం ఎవరూ చూడలేదు. అమ్మా నేనూ వెనకే పరుగెత్తాం. తగాదాకే పోతోందనుకున్నాం.

అత్త కూడా అదే అనుకుంది. నాయనమ్మ మొహం చూడగానే లోపలికి పోయి పళ్లెం తెచ్చింది. "తప్పయింది అమ్మా. నోమువని తెల్వక తిన్నం. పోరి రెండు తిన్నది, నేనొకటి తిన్న. తక్కినయి ఎట్లున్నయో అట్లనే ఉన్నయి, తీస్కపోండ్రి."

"తీస్కపోతందుకు రాలే బిడ్డా" అంది నాయనమ్మ. "నోము అరిసె తిన్నోల్లు మా ఇంటోల్లు. మా ఇంట్ల గదే లెక్క. నీ బిడ్డను తోల్కొని రా. తోరం కట్టుకోవాలె."

అత్త అట్లాగే నిలబడింది. 

"మనిషి పోయినంక ఇంటోల్లను సేస్తున్నరా అమ్మా?"

 నాయనమ్మ కొట్టంలోని ఎడ్ల వైపు చూసింది. 

"ఎడ్లు అలిసినయి, ఒక్క దినం ఆగుత అన్నడు. నేనే ఆగనియ్యలే. నా తప్పే బిడ్డా. నీకు సెప్దామని గా రోజు గడప దాక వచ్చి, సెప్పలేక వేరే మాటలు సెప్పి పోయిన."

అత్త పళ్లెం కింద పెట్టి, స్తంభానికి తల ఆనించి ఏడ్చింది. అమ్మ పోయి ఆమెను పట్టుకుంది. "వదినా, నీ మొహం చూడలేక బావి కూడా మార్చుకున్నాను" అంది అమ్మ. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, పిల్ల పళ్లెం దగ్గరికి చేరి ఇంకో అరిసె తీసుకుంది. ఎవరూ దాన్ని ఆపలేదు.

అత్త ఆ సాయంత్రం రాలేదు. రమ్మని మళ్లీ అడగడానికి మాకు నోరు రాలేదు. పిల్లను మాత్రం తల దువ్వి పంపింది. పదకొండు విరగని అరిసెలు, పది తునకల అరిసెలు పెట్టి నోము చేశారు. నాయిన గొణిగితే, "ఇరిగినయి గూడ లెక్కే" అని నాయనమ్మ కసిరింది. పిల్ల చేతికి తోరం కట్టింది ఆమే. ముడి వేయడానికి చాలాసేపు పట్టింది, చూపు ఆనలేదేమో. ఉపవాసం విడిచి అమ్మ ఆ పొడి అరిసెలు పిడికెడు నోట్లో వేసుకుని, పొలమారి, నవ్వింది. ఆ నవ్వు చూసి నేను తిట్లూ భయమూ అన్నీ మరిచిపోయాను.

మరుసటి ఏడు మా ఇంట్లో పిండి దంచింది ముగ్గురు. నేను పెళ్లి చేసుకుని వచ్చేశాక ఆ నోము అరిసె నాకు పెట్టలేదు, ఆ పిల్లకు మాత్రం దాని పెళ్లి దాకా పెట్టారు. నాకు అసూయ కలిగిందంటే నిజమే, కలిగింది.

నాయనమ్మ పోయినప్పుడు నేను పుట్టింటికి వెళ్లాను. పది రోజుల మైల ఇంటిపేరు వాళ్లకే. ఆ పది రోజులూ తలకు నూనె లేదు, మంచం లేదు, ఒకపూట తిండి. అత్త మొదటి రోజే చాప తెచ్చుకుని మా అమ్మ పక్కన నేల మీద వేసుకుంది. నాయినకు ఇబ్బందిగా అనిపించింది. "చెల్లె, నీకెందుకు ఈ బాధ? నీకు మైల లేదు గద, పోయి ఇంత తిని పండుకో" అన్నాడు.

"నోము తిన్నదానికి మైల ఎందుకుండదన్నా?" అంది అత్త.

 పదకొండో రోజు పొద్దున, మా అందరికంటే ముందు ఆమెనే పీట మీద కూచోబెట్టి, మా అమ్మ తలకు పోసింది.